గుడి గట్టెక్కింది, ఊరు మునిగింది

నైలు నది మీద నాలుగు రాత్రులు ఓడలో తిరిగి వచ్చి రెండు నెలలైంది. పలమనేరులో కనబడినవాళ్ళంతా అడిగింది ఒకే ప్రశ్న: "ఎట్లుండాయప్పా గుళ్ళు?" బాగున్నాయని చెప్పి, ఫోను తీసి ఫోటోలు చూపించాను. టీ కొట్టు దగ్గర, పెళ్ళిళ్ళలో, ఒకసారి ఆసుపత్రి వరండాలో కూడా చూపించాను. మనుషులు ఎట్లున్నారని ఒక్కరూ అడగలేదు.

అడగకపోవడం వాళ్ళ తప్పు కాదు. నా ఫోనులో మూడు వందల పైచిలుకు ఫోటోలున్నాయి. ఆ దేశపు మనిషి ముఖం తేటగా కనిపించేవి వాటిలో రెండో మూడో. మిగిలినవన్నీ మనిషి అడ్డం రాకుండా కాచుకుని తీసినవే. "కొంచెం పక్కకి జరగమను, స్తంభం మొత్తం రావాల" అని అక్కడ ఊడుస్తున్న ఒక ముసలాయన గురించి నేనే అన్నాను. ఈ వ్యాసం ఆ మాట మీద.

నా వాదం ముందే చెప్పేస్తాను, తర్వాత ఎవరైనా తిట్టదలచుకుంటే సులువుగా ఉంటుంది. పాత గుళ్ళను చూడ్డానికి పోయే మనం, వాటి గురించి యాత్రాకథనాలు రాసే మనం, రాయిని చూసి మనిషిని పక్కకి జరగమనడం అలవాటు చేసుకున్నాం. ఇది సౌందర్యదృష్టి అని మనకు మనమే చెప్పుకుంటున్నాం. కాదు. పెద్ద ఆనకట్టలు కట్టినవాళ్ళ లెక్కలోనూ ఇదే చూపు ఉంది. గుడిని ఎత్తి గట్టున పెట్టి, ఊరిని నీళ్ళకి వదిలేసిన చూపు అది. ఆ నీళ్ళు ఇప్పుడు మా కాలువలోకీ వచ్చాయి కాబట్టి నేను నోరు మూసుకుని కూర్చోలేను.

మేం నలుగురం. మదనపల్లె బి.టి. కాలేజీలో కలిసి చదివినవాళ్ళం. ఒకడిది పుంగనూరు, నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి దిగిపోయాడు. ఒకడిది కుప్పం, బ్యాంకు ఉద్యోగం. మదనపల్లెవాడు చరిత్ర పాఠాలు చెప్పాడు. నేను హైస్కూలు పంతుల్ని. ఉద్యోగాలున్నప్పుడు తిరుపతి దాటడానికి సెలవు దొరకలేదు. పిల్లలు స్థిరపడ్డాక, మోకాళ్ళు ఇంకా మాట వింటున్నప్పుడే పోదామని బయల్దేరాం.

లక్సర్‌లో ఓడ ఎక్కాం. కర్నాక్ స్తంభాల మధ్య నిలబడితే ఎవరికైనా నోట మాట రాదు, దాన్ని నేను కాదనను. ఎస్నా దగ్గర ఓడ లాకుల్లోకి పోతుంటే చిన్న పడవల్లో కుర్రాళ్ళు వచ్చి, మా ఓడకి తాడు కట్టుకుని, కింద నుంచి శాలువాలు, దుప్పట్లు పైకి విసిరారు. నచ్చితే డబ్బులు కిందికి వెయ్యాలి, లేకపోతే బట్ట తిరిగి వెయ్యాలి. "ఇండియా! అమితాబ్ బచ్చన్!" అని కేకలు. పై డెక్కు మీద మేమందరం నవ్వాం. మా కుప్పంవాడు మాత్రం, "ఒరే, మనం బస్సు కిటికీ దగ్గిర శనక్కాయలు అమ్మేవాళ్ళని ఇట్లానే చూస్తాం గదరా" అన్నాడు. ఎవరం బదులు చెప్పలేదు.

ఎడ్ఫులో హోరస్ గుడి. క్రీ.పూ. 237లో మొదలుపెట్టి 57లో ముగించారని గైడు చెప్పాడు. అంత చెక్కుచెదరకుండా ఎట్లా మిగిలిందంటే, ఇసుకలో పూడిపోయింది కాబట్టి. పూడిపోయిన గుడి కప్పు మీద జనం ఇళ్ళు కట్టుకుని బతికారు. 1860లలో మారియెట్ అనే ఫ్రెంచి పురావస్తు పండితుడు తవ్వించేదాకా అక్కడ ఒక ఊరుండేది. గైడు ఆ ఊరిని "చెత్త" అనే అర్థం వచ్చే మాటతో ఒక వాక్యంలో ముగించాడు. తర్వాత హోరస్ తన తండ్రిని చంపిన సేత్ మీద ఎట్లా పగ తీర్చుకున్నాడో పావుగంట చెప్పాడు. తండ్రి కోసం ఏడ్చిన దేవుడి కథకి పావుగంట, ఇళ్ళు పోయిన మనుషులకి ఒక వాక్యం.

మరునాడు కోమ్ ఒంబో. నది ఒడ్డునే గుడి, మొసలి దేవుడు సోబెక్‌కి సగం, గద్ద దేవుడికి సగం. గోడ మీద వైద్యుల పనిముట్లుగా చెప్పే బొమ్మలున్నాయి, వాటినీ ఫోటో తీసుకున్నాం. గంటన్నరలో ఓడ ఎక్కేశాం. ఆ గంటన్నరలో ఎవరూ చెప్పనిది రెండు రోజుల తర్వాత అస్వాన్‌లో ఒక పడవవాడి నోట విన్నాను. మేం దిగి ఎక్కిన ఆ కోమ్ ఒంబో పక్కనే వాళ్ళ నాయనమ్మని తెచ్చి దింపారట.

ఆయన నూబియా మనిషి. గైడు పక్కన లేనప్పుడు వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. అస్వాన్‌కి ఎగువన నైలు పొడుగునా వాళ్ళ ఊళ్ళుండేవి. 1960లో హై డ్యామ్ మొదలైంది, 1970కి పూర్తయింది. 1963, 64లలో సుమారు యాభై వేలమంది నూబియన్లను పడవల్లో, రైళ్ళలో, బస్సుల్లో తెచ్చి కోమ్ ఒంబో చుట్టుపక్కల కట్టిన వరస ఇళ్ళల్లో దింపారు. సరిహద్దుకి అవతల సూడాన్‌లో వాదీ హల్ఫా వైపు దాదాపు అంతమందినే వందల కిలోమీటర్ల దూరం తోలుకుపోయారు. కొత్త కాలనీలకు పాత ఊళ్ళ పేర్లే పెట్టారు. పేరు వచ్చింది, నది రాలేదు. తరతరాలుగా గడపలోంచి నైలును చూసినవాళ్ళకి నదికి దూరంగా పొడినేలలో ఇళ్ళిచ్చారు. పడవాయన నాయనమ్మ చచ్చేదాకా, "నీళ్ళు ఏ వైపు?" అని అడిగేదట.

ఇక గుళ్ళ సంగతి చూడండి. 1960 మార్చిలో యునెస్కో ప్రపంచానికంతా పిలుపునిచ్చింది. ఇరవైకి పైగా కట్టడాలను విప్పి, మోసి, వేరే చోట నిలబెట్టారు. ఫిలే దీవిలోని ఐసిస్ గుడిని 1972 నుంచి 1980 దాకా కష్టపడి పక్కనున్న అగిల్కియా దీవికి మార్చారు. అబూ సింబెల్‌ను 1964-68 మధ్య వెయ్యికి పైగా దిమ్మెలుగా కోసి, 65 మీటర్లు పైకెత్తి, 200 మీటర్లు వెనక్కి జరిపి మళ్ళీ అతికించారు. ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో, అక్టోబరులో పొద్దుటి ఎండ గర్భగుడిలోకి పోయి విగ్రహాల మీద పడుతుంది. గుడిని మార్చినా ఆ ఎండ దారి తప్పకుండా కొలతలు వేశారు. తెల్లవారుజామున నాలుగు గంటలకి లేచి, పొట్లం కట్టిన ఇడ్లీ లాంటిదేదో దొరకదా అనుకుంటూ బ్రెడ్డు తిని, దాదాపు మూడు వందల కిలోమీటర్లు ఎడారిలో పోయి ఆ వింతను చూశాం. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అబద్ధమెందుకు.

కానీ ఆ లెక్క కూడా చెప్పుకోవాలి కదా. రాతి దేవుడి మొహం మీద ఎండ ఏ కోణంలో పడాలో కొలిచిన ప్రపంచం, నూబియా ముసలామె గడపలోంచి నది కనబడుతుందా లేదా అన్నది కొలవలేదు. యంత్రాలున్నాయి, డబ్బుంది, పండితులున్నారు. లేనిది ఆ ముసలామె కూడా కాపాడవలసినదే అన్న తలంపు. 2014 ఈజిప్టు రాజ్యాంగం నూబియన్లను పదేళ్ళలో పాత ప్రాంతాలకు చేరుస్తామని రాసుకుంది. ఆ పదేళ్ళూ గడిచిపోయాయి. వాళ్ళు ఇంకా అడుగుతూనే ఉన్నారు.

ఇక్కడిదాకా చదివి, "అవునండీ, పరాయి దేశాల్లో అంతే" అనుకునేవాళ్ళుంటారు. నేను వాళ్ళ కోసమే రాస్తున్నాను.

1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడి పంతులు కృష్ణ ఒడ్డున ఒక పాత స్తంభాన్ని చూసి ప్రభుత్వానికి తెలియజేశాడు. ఇక్ష్వాకుల విజయపురి, మన నాగార్జునకొండ, అట్లా బయటపడింది. 1955 డిసెంబరులో నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాడు. ఆ ముందూ వెనకా, 1954 నుంచి 1960 దాకా, లోయంతా తవ్వారు. దొరికినవాటిలో ముఖ్యమైనవి కొండ మీదికీ, అనుపుకీ చేర్చారు. ఆ కొండే ఇప్పుడు దీవి, దాని మీద మ్యూజియం, పడవలో పోవాలి. ఫిలే కన్నా ముందే మనం చేసిన పని ఇది. ఆ తర్వాత మన పురావస్తు శాఖవాళ్ళు 1961-62లో బి.బి. లాల్ నాయకత్వంలో నూబియాకి పోయి మునగబోయే నేలను తవ్వి వచ్చారు కూడా. అంటే ఈ విద్యలో మనం ఎవరికీ తీసిపోలేదు. రాయిని ఎత్తడంలోనూ తీసిపోలేదు, మనిషిని మరవడంలోనూ తీసిపోలేదు.

శ్రీశైలం ఇంకా దగ్గరి కథ. కృష్ణా తుంగభద్రలు కలిసేచోట కూడవెల్లిలో ఉన్న చాళుక్యుల నాటి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురానికి తెచ్చి కట్టారు. మంచి పని, మెచ్చుకోవాల్సిందే. అదే జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నూరుకు పైగా ఊళ్ళు మునిగాయి. 1981లో ఇళ్ళు ఖాళీ చెయ్యనివాళ్ళ ఇళ్ళను ప్రభుత్వమే కూలగొట్టింది. గుడి రాళ్ళకి అంకెలు వేసి వరస తప్పకుండా పేర్చారు. మనుషులకి అట్లా వరస వెయ్యలేదు. ఎవరు ఏ దిక్కుకి పోతే అదే దారి. ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం అని 1986లో జీవో 98 వచ్చింది. ఆ కాగితం పట్టుకుని లష్కరు ఉద్యోగం కోసం దశాబ్దాలు తిరిగినవాళ్ళున్నారు. తండ్రి దరఖాస్తు కొడుకు చేతికి వచ్చింది.

ఇక మా ఊళ్ళ మాట. పలమనేరు, కుప్పం, పుంగనూరు, మదనపల్లె మెట్ట సీమ. చెరువులు నిండితే పండగ, లేకపోతే బోర్లు. వెయ్యి అడుగులు దించినా దుమ్ము లేచిన బోర్లు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. టమాటా పెట్టినవాడు ఆకాశాన్నీ, మార్కెట్‌నూ రెండింటినీ చూసుకుంటూ బతకాలి. హంద్రీ-నీవా మాకోసమే. శ్రీశైలం వెనక నీళ్ళను మాల్యాల దగ్గర ఎత్తి, వరద రోజుల్లో 40 టి.ఎం.సి.లు తీసుకుని, నాలుగు జిల్లాల్లో ఆరు లక్షల ఎకరాలకు ఇవ్వాలన్నది లెక్క. దాని కొసలోది పుంగనూరు కాలువ, దాని కొసన కుప్పం కాలువ. 2024 ఫిబ్రవరిలో ఒక ప్రభుత్వం, 2025 ఆగస్టులో ఇంకో ప్రభుత్వం కుప్పంలో కృష్ణ నీళ్ళకు పూజ చేశాయి. నీళ్ళు తెచ్చిందెవరు అని మా దగ్గర ఇప్పటికీ వాదులాడుకుంటారు. నీళ్ళు ఎవరి ఇంటి మీంచి వచ్చాయి అన్నది ఆ వాదంలో ఎవరి నోటా రాదు.

ఓడ డెక్కు మీద ఈ మాట నేను అన్నప్పుడు మా పుంగనూరు ఇంజనీరుకి కోపం వచ్చింది. "ఆనకట్టలు లేకుంటే నువ్వేం తాగతావు? ఈజిప్టోడు ఏం తింటాడు? ఇళ్ళు పోయినోళ్ళకి పరిహారం ఇచ్చినారు. ఎట్లా ఇచ్చినారంటే అది వేరే మాట. సెలవుకొచ్చి ఈ ఏడుపేందిరా?" అన్నాడు.

వాడి కోపంలో న్యాయం ఉంది, అందుకే జవాబు చెప్పాలి. నేను ఆనకట్ట వద్దనడం లేదు. మా ఇంట్లో ఆడవాళ్ళు ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టి కూర్చున్న రోజులు నాకు తెలుసు. అది చూసినవాడెవడూ నీళ్ళు వద్దనడు. కానీ నీళ్ళు కావాలి అన్నదానికీ, నీళ్ళ కింద ఎవరున్నారో తెలియక్కర్లేదు అన్నదానికీ మధ్య చాలా దూరముంది. అప్పు తీసుకోవడం తప్పు కాదు. అప్పిచ్చినవాడి పేరు మరిచిపోయి, వాడు ఎదురైతే ఎవరు నువ్వు అనడం తప్పు. ఇక పరిహారం "ఎట్లా ఇచ్చినారన్నది వేరే మాట" కాదు, అసలు మాట అదే. అబూ సింబెల్‌ని రెండు మీటర్లు వంకరగా నిలబెట్టి, అది వేరే మాట అని ఉంటే ప్రపంచం ఊరుకునేదా?

మదనపల్లె చరిత్ర మేష్టారు ఇంకో వైపు నుంచి వచ్చాడు. "వాళ్ళవి చచ్చిపోయిన గుళ్ళు, పూజ లేదు, నైవేద్యం లేదు. మనవి బతికుండే గుళ్ళు. మనకీ వాళ్ళకీ పోలిక లేదు." ఈ మాట మన యాత్రాకథనాల్లో తరచుగా కనిపిస్తుంది, కొంత గర్వంగా కూడా. సరే, బతికున్న గుడి అంటే ఏమిటి? ముచ్చుమర్రి వైపు సప్తనదీ సంగమేశ్వరం ఉంది. ఏడాదిలో ఎక్కువ కాలం శ్రీశైలం నీళ్ళల్లో మునిగి ఉండి, ఎండాకాలంలో నీరు తగ్గితే బయటపడుతుంది. అప్పుడు బురద కడిగి పూజలు చేస్తారు. అస్వాన్‌లో 1902లో కట్టిన మొదటి ఆనకట్ట వెనక ఫిలే గుడి కూడా దశాబ్దాల పాటు అట్లాగే మునుగుతూ తేలుతూ ఉండింది. తెల్లదొరలు స్తంభాల మధ్య పడవలేసుకుని తిరిగారు. ఈ రెండు గుళ్ళలో ఏది చచ్చింది, ఏది బతికింది? గుడిని బతికించేది దేవుడి చుట్టూ ఉండే ఊరు. ఊరు పోయాక మిగిలినది, పూజ జరిగినా సరే, దర్శనీయ స్థలమే.

"ఇది పాత కథ" అనేవాళ్ళకి ఒక మాట. పోలవరం పాత కథ కాదు. లక్షకు పైగా కుటుంబాలు కదలాలి, వాళ్ళల్లో కోయలు, కొండరెడ్లు ఎంతోమంది. ఆ గోదావరి మీదనే పాపికొండల పడవ షికారు. నీళ్ళు, కొండలు, మంచు, భోజనం, పాటలు. ఆ యాత్ర మీద తెలుగులో ఎన్ని వర్ణనలు వచ్చాయో లెక్కలేదు. గట్టు మీద సగం కూలిన గోడలు కనబడుతున్నా కెమెరా కొండ వైపే తిరిగి ఉంటుంది. కోమ్ ఒంబోలో నేను చేసింది అదే. ఇంకో యాభై ఏళ్ళకి ఎవరో పంతులు పదవీ విరమణ చేసి గోదావరి జలాశయం మీద ఓడ ఎక్కి, "ఎంత అందం!" అని రాస్తాడు. ఆ రోజుకి ఆ పడవ నడిపేది ఎవరి మనవడో ఊహించడం కష్టం కాదు.

మన భాషలో యాత్రారచన ఇట్లా మొదలు కాలేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి, ఏడాదికి పైగా ప్రయాణం చేసి, దారి పొడుగునా రాసుకున్నాడు. 1838లో అచ్చయిన కాశీయాత్ర చరిత్ర తిరగేయండి. ఆయన భక్తుడు, గుళ్ళ కోసమే బయల్దేరినవాడు. అయినా ఏ ఊళ్ళో నీళ్ళు బాగున్నాయి, సత్రం ఎట్లా ఉంది, అంగళ్ళలో ఏం దొరుకుతుంది, దారి ఎట్లాంటిది అని చూస్తూ పోయాడు. ఆయనకి గుడి ఊళ్ళో ఉండే వస్తువు. మనకి ఊరు గుడికి అడ్డంగా ఉండే వస్తువు. కెమెరా చేతికొచ్చి చూపు పోయింది.

హంపీనే తీసుకోండి. 2011 జూలైలో విరూపాక్షుడి గుడి ముందు బజారులో కాపురమున్నవాళ్ళ ఇళ్ళు, అంగళ్ళు కూల్చారు. ఆ తర్వాత వెళ్ళిన మనవాళ్ళు, "ఇప్పుడు శుభ్రంగా ఉంది, ఫోటోలకి బాగుంది" అన్నారు. నేనూ అన్నాను. లక్సర్ పడమటి ఒడ్డున సమాధుల కొండ మీద ఉండిన కుర్నా ఊరిని 2006 తర్వాత దాదాపు ఖాళీ చేయించారు. మా గైడు కూడా అచ్చం అదే మాట అన్నాడు, శుభ్రంగా ఉంది అని. రెండు దేశాల్లోనూ శుభ్రం అంటే మనిషి లేకపోవడం.

తిట్టి ఊరుకుంటే సరిపోదు కాబట్టి అడగదలచినవి మూడు అడుగుతాను.

ఒకటి, రాసేవాళ్ళని. ఏ గుడి గురించి రాసినా, దాని చుట్టూ ఉండిన ఊరు ఏమైందో ఒక్క పేరా రాయండి. ఊళ్ళో ఒక మనిషితో మాట్లాడి రాయండి. గుడి కొలతలు ఎట్లాగూ బోర్డు మీద ఉంటాయి.

రెండు, పోయేవాళ్ళని. అస్వాన్‌లో 1997లో తెరిచిన నూబియా మ్యూజియం ఉంది. నూబియన్ల ఇల్లు, బతుకు, వలస అందులో చూడొచ్చు. మా ప్రయాణ పట్టికలో అది లేదు, మేమూ అడగలేదు. బదులుగా ఒక "నూబియా పల్లె"కి తీసుకుపోయి, మందార టీ తాగించి, మొసలి పిల్లని చేతికిచ్చి ఫోటో తీశారు. డబ్బు కట్టేది మనం. అడిగితే పట్టిక మారుతుంది.

మూడు, మా ఊరివాళ్ళని. కుప్పం కాలువ గట్టు మీద, పలమనేరు పొలాల పక్కన, శ్రీశైలం కింద మునిగిన ఊళ్ళ పేర్లన్నీ తెలుగులో రాసి ఒక రాయి నిలబెట్టండి. శంకుస్థాపన ఫలకాలకి రాళ్ళు దొరుకుతున్నాయి, దీనికి దొరక్కపోవు. ఏ నాయకుడి పేరూ అక్కర్లేదు. నీళ్ళు కట్టుకునే రైతు పొద్దున్నే ఆ పేర్లు చదవకపోయినా ఫరవాలేదు, రాయి మీద గొడ్డు వీపు రుద్దుకున్నా ఫరవాలేదు. పేర్లు అక్కడుండాలి.

మా ఇంజనీరు ఇప్పటికీ నాతో ఒప్పుకోలేదు. కానీ పోయిన వారం ఫోన్ చేసి, "మే నెలలో సంగమేశ్వరం బయటపడతాదంట, కారులో పోదాం పా. మునిగిన ఊళ్ళోళ్ళు ఆ చుట్టుపక్కల యాడుండారో కనుక్కుంటాను. శాఖలో పాతోళ్ళు నాకు తెలుసు" అన్నాడు. నలుగురం పోతున్నాం. ఈసారి ఫోటోలు తీసేటప్పుడు ఎవర్నీ జరగమనను.